గొట్టానికి కట్టు

డాబా మీది ట్యాంకులో నీరు కదలకుండా నిలిచి ఉన్నట్టే కనిపించినా, దాని ఒత్తిడి కింది అంతస్తుల్లోని గొట్టాల గోడలను రాత్రింబగళ్లు లోపలి నుంచి నెడుతూనే ఉంటుంది. ఒక చదరపు సెంటీమీటరు మేర మీద పడే ఈ బలాన్ని పీడనం అంటారు. నిలిచిన నీటిలో పీడనం ట్యాంకు పెద్దదా చిన్నదా అన్న దానితో సంబంధం లేకుండా, నీటి మట్టం ఎంత ఎత్తున ఉన్నదన్న ఒక్క విషయాన్ని బట్టే పెరుగుతుంది. పది మీటర్ల ఎత్తుకు అది చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు ఒక కిలోగ్రాము. కాబట్టి మూడంతస్తుల ఇంటి మీద 500 లీటర్ల ట్యాంకు పెట్టినా, 2,000 లీటర్ల ట్యాంకు పెట్టినా, నేల అంతస్తు వంటింటి కుళాయి దగ్గర పీడనం ఆ ఒక్క కిలోగ్రాము చుట్టుపక్కలే ఉంటుంది. ఈ పీడనం ఒక దిక్కుకే పరిమితం కాక అన్ని వైపులా సమానంగా పనిచేస్తుందని 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్లేజ్ పాస్కల్ వివరించాడు. ద్రవాల సమతాస్థితి మీద ఆయన రాసిన గ్రంథం, ఆయన మరణించిన మరుసటి ఏడాది, 1663లో అచ్చయింది. గొట్టానికి పైన పడ్డ చిల్లయినా, అడుగున పడ్డ చిల్లయినా ఒకే జోరుతో చిమ్మడానికి కారణం ఇదే.

చిల్లు చిన్నదే కదా అని తెల్లవారేదాకా ఊరుకుంటే ఎంత నీరు పోతుందో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. ఇటలీకి చెందిన ఎవాంజెలిస్టా టొరిచెల్లి 1644లో ప్రకటించిన సూత్రం ప్రకారం, చిల్లు నుంచి బయటపడే నీటి వేగం, ఆ నీరు ట్యాంకు మట్టం నుంచి అంత ఎత్తూ స్వేచ్ఛగా కిందపడితే పొందే వేగానికి సమానం. పది మీటర్ల ఎత్తుకు అది సెకనుకు 14 మీటర్లు, అంటే గంటకు 50 కిలోమీటర్లు. చిల్లు అంచుల దగ్గర ధార సన్నబడి, చిల్లు వైశాల్యంలో సుమారు 60 శాతం మేరకే నీరు పారుతుంది కనుక ఆ తగ్గుదలను కూడా కలుపుకుంటే, రెండు మిల్లీమీటర్ల వ్యాసం గల చిల్లు నుంచి గంటకు దాదాపు 95 లీటర్లు పోతాయి. వెయ్యి లీటర్ల ట్యాంకును రాత్రి పదింటికి నింపి పడుకుంటే పొద్దున ఎనిమిదిన్నరకు అందులో చుక్క మిగలదు. చిల్లు వ్యాసం సగమైతే నష్టం నాలుగో వంతుకు తగ్గుతుంది. ధార కట్టకుండా సెకనుకొక బొట్టు చొప్పున కారితే, మిల్లీలీటరుకు ఇరవై బొట్ల లెక్కన, రోజుకు నాలుగు లీటర్ల పైచిలుకు మాత్రమే. ప్లంబరు కోసం అర్ధరాత్రి పరుగెత్తాలా, మర్నాటిదాకా బకెట్టు పెట్టి ఆగవచ్చా అన్నది ఈ లెక్కే చెబుతుంది.

ఇంత వేగంతో చిమ్మే నీటిని ఆపడానికి కావలసిన బలం మాత్రం ఆశ్చర్యపరిచేంత తక్కువ. బలం అంటే పీడనాన్ని వైశాల్యంతో గుణించగా వచ్చేది. రెండు మిల్లీమీటర్ల చిల్లు వైశాల్యం చదరపు సెంటీమీటరులో మూడు శాతం కనుక, దాని మీద నీరు చూపే బలం 31 గ్రాముల బరువు మాత్రమే. అందుకే బొటనవేలితో నొక్కితే ధార వెంటనే ఆగిపోతుంది. అదే అరంగుళం గొట్టం పూర్తిగా ఊడిపోయి నోరు తెరుచుకుంటే, వేలికి ఎదురయ్యేది రెండు కిలోలకు చేరువైన బరువు, అంటే సుమారు 1.8 కిలోలు; దానిని కాసేపు ఆపవచ్చు గాని గంటసేపు పట్టుకొని నిలబడలేరు. చిల్లుకూ తెగిన గొట్టానికీ మధ్య ఉన్న ఈ తేడాను గుర్తించడం ముఖ్యం. ఈ అధ్యాయంలో చెప్పబోయే కట్లు చిల్లులకూ చిన్న చీలికలకూ పనికివస్తాయి. తెగిన గొట్టానికి వాల్వ్ మూయడం, గొట్టం నోటికి బిరడా లేదా మూత బిగించడం తప్ప ఇంటివారు చేయగలిగింది పెద్దగా లేదు.

బొటనవేలు చిల్లుకు అతుక్కోదు, చిల్లును నొక్కుతుంది. తాత్కాలిక మరమ్మతు శాస్త్రమంతా ఈ చిన్న భేదంలోనే ఉన్నది. కారే గొట్టం కనిపించగానే చాలామంది చేతికందిన ఇన్సులేషన్ టేపో, పార్శిల్ టేపో తెచ్చి చుట్టబెడతారు. అది ఐదు నిమిషాల్లో ఉబ్బి, అంచుల నుంచి నీరు జారడం మొదలవుతుంది. టేపు జిగురు పొడి తలానికి అంటుకోవడానికి తయారైనది. తడి గొట్టం మీద జిగురుకూ గొట్టానికీ మధ్య సన్నని నీటి పొర ముందే చేరి ఉంటుంది. పైగా లోపలి నుంచి వచ్చే నీరు టేపును ఒక్కసారిగా పైకి లేపదు, ఒక అంచున చేరి కొంచెం కొంచెంగా ఒలుస్తుంది. ఒలవడానికి కావలసిన బలం మొత్తంగా పీకడానికి కావలసిన బలంలో చాలా చిన్న వంతు. కాబట్టి కట్టు నిలవాలంటే అది నీటి పీడనం కంటే ఎక్కువ పీడనంతో బయటి నుంచి లోపలికి నొక్కుతూ ఉండాలి, లేదా కట్టే ముందే నీటి పీడనాన్ని తగ్గించాలి. రెండూ చేయడం అన్నిటికన్నా మేలు.

పీడనాన్ని తగ్గించడమంటే ముందుగా వాల్వ్ మూయడం. ట్యాంకు నుంచి దిగే గొట్టం మొదట్లో, అంటే డాబా మీద ట్యాంకు అడుగున, గుండ్రని చక్రం ఉన్న గేట్ వాల్వ్ గాని, అడ్డంగా తిరిగే పిడి ఉన్న బాల్ వాల్వ్ గాని ఉంటుంది. బాల్ వాల్వ్ లోపల బెజ్జం ఉన్న గోళం ఉంటుంది కనుక పిడి పావు చుట్టు తిరిగి గొట్టానికి అడ్డంగా నిలిస్తే నీరు ఆగిపోతుంది. గేట్ వాల్వ్‌లో ఒక లోహపు పలక మెల్లగా కిందికి దిగి దారిని మూస్తుంది. ఏళ్ల తరబడి తిప్పకుండా వదిలేసిన గేట్ వాల్వ్ ఉప్పు పేరుకొని బిగుసుకుపోతుంది, దానిని పానా పెట్టి బలవంతంగా తిప్పితే కాడ విరిగి ఉన్న ఇబ్బందికి మరొకటి తోడవుతుంది. ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదిలిస్తూ మూయడమే దారి. ఆరునెలలకొకసారి ఇంట్లోని ప్రతి వాల్వ్‌నూ ఒకసారి మూసి తెరవడం ఎంత చిన్న పనో, ఆపద సమయంలో అది అంత పెద్ద సాయం చేస్తుంది. ఏ వాల్వ్ ఏ గదికి వెళ్తుందో రంగుతో రాసి పెట్టుకున్న ఇళ్లు ఎంత తక్కువగా కనిపిస్తాయో ప్లంబర్లందరికీ తెలిసిన విషయమే.

వాల్వ్ మూసినా చిల్లు నుంచి నీరు కాసేపు కారుతూనే ఉంటుంది, ఎందుకంటే నిలువు గొట్టంలో నిండిన నీరంతా దిగాలి. కింది కుళాయి తెరిస్తే అది త్వరగా దిగుతుందనుకుంటే, ఒక్కోసారి నాలుగు దోసిళ్ల నీరు వచ్చి ఆగిపోతుంది. గొట్టం పైకొన మూసుకొని ఉన్నప్పుడు లోపలికి గాలి పోయే దారి లేక, బయటి వాతావరణ పీడనమే ఆ నీటిని కింది నుంచి ఆపి ఉంచుతుంది; వాతావరణ పీడనం అలా పది మీటర్లకు పైగా నీటి స్తంభాన్ని మోయగలదు. పాదరసంతో ఈ సంగతిని రుజువు చేసినవాడు కూడా ఆ టొరిచెల్లియే. పై అంతస్తులో ఒక కుళాయి తెరిచి గాలికి దారి ఇస్తే, పైకొనను వేలితో మూసిన స్ట్రా మీది వేలు తీసినట్టు, నీరు ఒక్కసారిగా దిగిపోతుంది.

ఈ పనులన్నిటికీ ముందు చూడవలసింది కరెంటు. కారే నీరు స్విచ్‌బోర్డు వైపు గాని, మోటారు వైరు వైపు గాని పోతుంటే, పొడి చోట నిలబడి మెయిన్ స్విచ్ ఆపివేయడం మొదటి పని. తడి చేతులతో, తడి నేల మీద నిలబడి బోర్డును ముట్టుకోకూడదు. బోర్డే తడిసి ఉంటే దానిని ఎవరూ తాకకుండా చూసి, ఎలక్ట్రీషియన్‌నే పిలవాలి. గీజరు ఉన్న ఇంట్లో వాల్వ్ మూసే ముందే గీజరును ఆపాలి. గీజరులో నీరు తగ్గిన తరువాత వేడి తీగకు కరెంటు అందుతూ ఉంటే అది కాలిపోతుంది. వేడి నీటి గొట్టమే కారుతుంటే అది చల్లారే దాకా చేయి పెట్టకూడదు.

చిల్లు ఎక్కడున్నదో కనిపెట్టడం అనుకున్నంత తేలిక కాదు. బొట్టు రాలే చోటు వేరు, బొట్టు పుట్టే చోటు వేరు. నీటి అణువులు ఒకదానినొకటి లాగుకొంటూ ఉండడం వల్ల నీటి తలం సాగదీసిన పొరలా బిగువుగా ఉంటుంది, దీనినే తలతన్యత అంటారు; అవి గొట్టం తలానికి కూడా అంటుకుంటాయి కనుక నీరు చిల్లు నుంచి బయటపడగానే కింద పడకుండా, గొట్టం పొట్ట వెంబడి ఒకటి రెండు అడుగులు పాకి, ఎల్బో దగ్గరో క్లాంపు దగ్గరో అడ్డు తగిలాక రాలుతుంది. గొట్టాన్ని పాత నూలు బట్టతో పొడిగా తుడిచి, దాని మీద ముగ్గుపిండి గాని, పొడి గోధుమపిండి గాని పలచగా చల్లి, వాల్వ్‌ను కొంచెమే తెరిస్తే, పిండి మొట్టమొదట ముద్దగా మారే చోటే చిల్లు. ఆ చోటును పెన్నుతో గుర్తు పెట్టాలి, ఎందుకంటే వాల్వ్ మూశాక సూదిమొన అంత చిల్లు మళ్లీ కంటికి కనిపించదు. గోడలో పూడ్చిన గొట్టం కారితే మాత్రం ఈ ఉపాయాలేవీ పనికిరావు. తడి మరక గోడ మీద ఎటు వ్యాపిస్తున్నదో గీత గీసి ఉంచి, ఆ లైను వాల్వ్ మూసి, ప్లంబరు కోసం ఎదురుచూడవలసిందే.

ఇక కట్టు సంగతి. తెలుగు ఊళ్లలో ఏ పంచర్ షాపును అడిగినా దొరికే పాత సైకిల్ ట్యూబును మించిన సాధనం ఈ పనికి మరొకటి లేదు. రబ్బరు చెట్టు పాల నుంచి వచ్చే పచ్చి రబ్బరు ఎండకు జిగటగా, చలికి పెళుసుగా మారుతుంది. అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో దానిని గంధకంతో కలిపి వేడి చేస్తే ఈ రెండు దోషాలూ పోతాయని కనుగొన్నాడు. పొడవాటి రబ్బరు అణువుల గొలుసుల మధ్య గంధకం అక్కడక్కడ ముడులు వేస్తుంది, అందువల్ల లాగితే సాగిన గొలుసులు వదిలితే మళ్లీ మొదటి స్థితికి చేరుకుంటాయి. ఈ ప్రక్రియను వల్కనైజేషన్ అంటారు. ట్యూబు రబ్బరుకు కట్టుకు సరిపోయే మరో గుణం ఉంది. నొక్కితే దాని ఆకారం మారుతుంది గాని ఘనపరిమాణం మారదు, అంటే బిగించి నొక్కినప్పుడు అది చిక్కని ద్రవం మాదిరిగా గొట్టం మీది గీతల్లోకి, తుప్పు గుంతల్లోకి ఒదిగిపోయి నీరు జారే సందులను పూడుస్తుంది. గట్టి ప్లాస్టిక్కుకూ, రేకుకూ ఈ గుణం లేదు.

ట్యూబును వాల్వ్ నాబు ఉన్న భాగం వదిలేసి, నిలువునా రెండుగా కత్తిరిస్తే అంగుళానికి అటూ ఇటూ వెడల్పున్న పొడవాటి పట్టీలు వస్తాయి. లోపలి వైపు ఉండే తెల్లని పొడిని కడిగి ఆరబెట్టాలి. గొట్టాన్ని తుడిచి, చిల్లు చుట్టూ నాలుగంగుళాల మేర గరుకు కాగితంతో తుప్పూ సున్నమూ పోయేలా రుద్ది, చిల్లు మీద చదరంగా కత్తిరించిన చిన్న రబ్బరు ముక్కను ఆనించి, దానికి రెండంగుళాల అవతల నుంచి పట్టీ చుట్టడం మొదలుపెట్టాలి. ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పుతూ సాగాలి. పట్టీని ఎంత లాగాలన్నది కంటికే తెలుస్తుంది: ఒకటికి ఒకటిన్నర రెట్లు పొడవు సాగితే, ఘనపరిమాణం మారదు కనుక, అంగుళం పట్టీ వెడల్పు ముప్పాతిక అంగుళం చిల్లరకు సన్నబడుతుంది. వెడల్పు తగ్గకుండా వదులుగా చుట్టిన పట్టీ ఎన్ని చుట్లు వేసినా వృథాయే. చివరి చుట్టు కింద కొసను దూర్చి లాగితే అది దానంతట అదే బిగుసుకొని ఊడకుండా నిలుస్తుంది.

వదులు చుట్టుకూ బిగువు చుట్టుకూ ఉన్న తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే, ఈ సాదా పనిలో దాగిన గణితం బయటపడుతుంది. లాగి పట్టిన పట్టీ గుండ్రని వస్తువు చుట్టూ తిరిగినప్పుడు అది తిన్నగా సాగాలని చూస్తుంది, వస్తువు అడ్డం వస్తుంది. ఆ పెనుగులాటే లోపలికి నొక్కే పీడనం అవుతుంది. లాగిన బలాన్ని పట్టీ వెడల్పుతోనూ, గొట్టం వ్యాసార్ధంతోనూ భాగిస్తే ఆ పీడనం వస్తుంది. ఈ సంబంధాన్ని ఫ్రెంచి గణితవేత్త పియెర్ సిమోన్ లాప్లాస్ పేరుతో పిలుస్తారు, నెత్తురు నాళాల గోడలు పీడనాన్ని ఎలా తట్టుకుంటాయో వివరించడానికి వైద్యులు కూడా దీనినే వాడతారు. ఒక కిలో బలంతో లాగిన రెండున్నర సెంటీమీటర్ల పట్టీ అరంగుళం ఇనుప గొట్టం చుట్టూ, అంటే 1.05 సెంటీమీటర్ల వ్యాసార్ధం చుట్టూ, ఒక పొర తిరిగితే చదరపు సెంటీమీటరుకు 0.38 కిలోగ్రాముల పీడనం పుడుతుంది. ఒక పొర చాలదు. రెండో పొర మొదటి దాని మీద, మూడోది రెండో దాని మీద నొక్కుతుంది కనుక ఈ పీడనాలు కూడుకుంటూ పోతాయి. మూడు పొరలకు 1.14, ఐదు పొరలకు 1.9. మూడంతస్తుల ఇంటి నేల అంతస్తులో నీరు నెట్టే పీడనం ఒక కిలోగ్రామే కాబట్టి ఐదు పొరల కట్టు దానిని దాదాపు రెట్టింపు బలంతో ఎదుర్కొంటుంది. పై పొరలు బిగుస్తుంటే కింది పొరలు కాస్త వదులవుతాయి, రబ్బరు కూడా గంటల తరబడి సాగి ఉన్న కొద్దీ పట్టు కొంత కోల్పోతుంది. ఆ మిగులు బలం ఈ నష్టానికి సరిపోతుంది. అదే పట్టీని అదే బలంతో నాలుగంగుళాల గొట్టానికి చుడితే వ్యాసార్ధం ఐదు రెట్లకు పైగా పెరిగినందున పొరకు 0.07 కిలోగ్రాములే దక్కుతుంది, పద్నాలుగు పొరలు వేస్తే గాని నీటితో సమం కాదు. సన్నని గొట్టానికి అద్భుతంగా పనిచేసిన ఉపాయం లావు గొట్టానికి ఎందుకు విఫలమవుతుందో దీనితో తెలుస్తుంది.

పల్లెల్లో బండి చక్రానికి ఇనుప పట్టా వేసే కమ్మరి, వడ్రంగి ఈ సూత్రాన్ని తరతరాలుగా వాడుకుంటూ వచ్చారు. పిడకల మంటలో ఎర్రగా కాలి వ్యాకోచించిన పట్టాను చెక్క చక్రం మీదికి దించి నీళ్లు చల్లగానే అది ముడుచుకొని, పూటీలనూ ఆకులనూ కుండకేసి నొక్కి పట్టేస్తుంది; ఒక్క మేకూ లేకుండా చక్రం బిగువంతా చుట్టూ తిరిగిన పట్టా ఈడ్పులోనే ఉంటుంది. ట్యూబు పట్టీలో లాగిన చేతి బలం చేసే పనిని అక్కడ చల్లారుతున్న ఇనుము చేస్తుంది.

రబ్బరు మీద ఇంకా బిగువు కావాలంటే హోస్ క్లాంపు వాడవచ్చు. గాట్లున్న ఉక్కు పట్టీనీ, ఆ గాట్లను పట్టుకు తిరిగే మరనూ కలిపిన ఈ సాధనానికి బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసిన లమ్లీ రాబిన్సన్ 1921లో పేటెంటు పొందాడు. మర ఒక చుట్టు తిరిగితే పట్టీ ఒక గాటు మాత్రమే జరుగుతుంది కనుక స్క్రూడ్రైవరు మీది కొద్దిపాటి బలం పట్టీలో పెద్ద బలంగా మారుతుంది. హార్డ్‌వేర్ దుకాణంలో తక్కువ ధరకే దొరికే రెండు క్లాంపులు ఇంట్లో ఉంచుకోవడం మంచిది. అవి లేనప్పుడు రబ్బరు మీద బైండింగ్ వైరు చుట్టి కటింగ్ ప్లేయరుతో మెలిపెట్టవచ్చు, కాని సన్నని తీగ తన కిందనే నొక్కుతుంది, రెండు తీగల మధ్య రబ్బరు బుడగలా ఉబ్బి నీటికి దారి ఇస్తుంది. పాత పీవీసీ గొట్టం ముక్కను నిలువునా చీల్చి, ఆ దోనె వంటి ముక్కను రబ్బరు మీద బోర్లించి, దాని మీద తీగ బిగిస్తే బలం సమంగా పరుచుకుంటుంది. కొందరు ఒక నాణెం పెట్టి కడతారు. బల్లపరుపు నాణెం గుండ్రని గొట్టం మీద ఒక గీత వెంబడే ఆనుతుంది కనుక దాని వల్ల ప్రయోజనం తక్కువ.

ఎం-సీల్ వంటి ముద్దలను గురించి కొంత అపోహ ఉంది. ప్యాకెట్టులో విడివిడిగా ఉండే రెండు రంగుల ముద్దల్లో ఒకటి ఎపాక్సీ రెసిన్, రెండోది దానిని గట్టిపరచే పదార్థం. రెండింటినీ ఒకే రంగు వచ్చేదాకా పిసికితే వాటి అణువులు ఒకదానికొకటి అన్ని దిక్కులా గొలుసులు కట్టుకొని, మళ్లీ కరగని రాయిలా గట్టిపడతాయి. చారలు మిగిలిన ముద్ద ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. మామూలు రకం గట్టిపడడానికి గంటకు పైగా పడుతుంది, పూర్తి బలానికి దాదాపు ఒక రోజు కావాలి. చలికాలంలో ఇంకా ఆలస్యం. ఈ లోగా అది మెత్తని పిండే కనుక కారుతున్న చిల్లు మీద దానిని అద్దితే నీరు ముద్ద గుండా సన్నని కాలువ తొలుచుకొని, ముద్ద ఆ కాలువతో సహా గట్టిపడుతుంది. అందుచేత వాల్వ్ మూసి, గొట్టం ఖాళీ చేసి, పొడిగా తుడిచి, గరుకుగా రుద్దిన తరువాతే దీనిని వాడాలి. పిసికేటప్పుడు చేతికి పాలిథీన్ కవరు తొడుక్కుంటే చర్మం మండదు. వైట్ సిమెంటు కూడా గట్టిపడేలోగా ప్రవాహంలో కొట్టుకుపోయేదే.

ప్లంబరు సంచిలో కనిపించే తెల్లని టెఫ్లాన్ టేపుకు ఇంకా పెద్ద అపోహ అంటుకుంది. అమెరికాలో డ్యూపాంట్ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ 1938 ఏప్రిల్ 6న, గ్యాసు రావడం ఆగినా బరువు తగ్గని సిలిండరును కోయించి చూడగా లోపల దొరికిన తెల్లని పొడి ఈ టెఫ్లాన్. దేనికీ అంటుకోకపోవడమే దాని ప్రత్యేకత; దానిని గొట్టం బయట చుట్టి చిల్లును ఆపాలనుకోవడం దాని స్వభావానికే విరుద్ధం. మరల మధ్య సందులో చేరి, బిగించేటప్పుడు ఒరిపిడి తగ్గించి, మరలు మరింత లోపలికి దిగేలా చేసి, మిగిలిన ఖాళీని పూడ్చడం దాని పని. కాబట్టి కుళాయి మొదలు దగ్గరో, నిపుల్ దగ్గరో మర కారుతుంటే దానిని విప్పి, పాత టేపు గీకివేసి, మర కొస మన వైపు ఉండేలా పట్టుకొని, మర బిగుసుకునే దిశలోనే, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు, కొత్త టేపు చుట్టి బిగించాలి. ఎదురు దిశలో చుడితే బిగిస్తున్నకొద్దీ టేపు ఊడి ముద్ద కడుతుంది. ప్లాస్టిక్ మరను ఇనుప మర మాదిరిగా బలంకొద్దీ బిగిస్తే సాకెట్ చీలిపోతుంది.

పీవీసీ గొట్టాలకు వాడే సాల్వెంట్ సిమెంటును అంతా గమ్ము అంటారు గాని అది జిగురు కాదు. అది గొట్టం పై పొరను కరిగిస్తుంది; కరిగిన రెండు తలాలు కలిసి, ద్రావణి ఆవిరైపోగానే ఒకే ముక్కగా మిగులుతాయి. తడి ఉన్న చోట ఈ కరగడం సరిగా జరగదు, చిల్లు మీద బయట పూసిన పొరకు కలిసేందుకు రెండో తలమూ ఉండదు. వేడి నీటికి వాడే సీపీవీసీ గొట్టానికి దాని సిమెంటు వేరు. ఇది ప్లంబరుకే వదలవలసిన పని.

ఇనుప గొట్టాలు కారడానికీ, ప్లాస్టిక్ గొట్టాలు కారడానికీ కారణాలు వేరు కనుక కట్టు కూడా వేరుగా ఉండాలి. జీఐ గొట్టం మీది జింకు పూత తాను తినబడుతూ ఇనుమును కాపాడుతుంది, కాని మరలు కోసే చోట ఆ పూత తెగిపోతుంది. అందుకే తుప్పు చాలా వరకు జాయింటు పక్కనే మొదలవుతుంది. అక్కడ చిల్లు కన్నా దాని చుట్టూ ఉన్న పలచని గోడ ప్రమాదకరం. గట్టిగా గీకితే, క్లాంపును మరీ బిగిస్తే, సూదిమొన చిల్లు వేలు దూరే కన్నం అవుతుంది. దానికి మెత్తని రబ్బరు చుట్టే తగినది. మరీ చిన్న తేమ అయితే, బోరు నీటిలోని ఉప్పూ తుప్పూ పేరుకొని కొన్ని రోజుల్లో దానంతట అదే మూసుకుపోవడం కూడా ఉంది. ఇక ప్లాస్టిక్ గొట్టానికి శత్రువు ఎండ. డాబా మీద మూతలేకుండా పడి ఉన్న పీవీసీ సూర్యుడి అతినీలలోహిత కిరణాలకు ఏళ్ల మీద పెళుసెక్కుతుంది. రెంటచింతల, రామగుండం వైపు 45 డిగ్రీలు దాటే వేసవిలో పగటికీ రాత్రికీ గొట్టం వేడిలో 30 డిగ్రీల తేడా వస్తే, పది మీటర్ల పీవీసీ గొట్టం సుమారు రెండు సెంటీమీటర్లు సాగి ముడుచుకుంటుంది, అదే ఇనుము నాలుగు మిల్లీమీటర్లలోపే. ఆ ఈడ్పంతా ఎల్బోల మీద పడుతుంది. పీడనం వల్ల గొట్టం గోడలో చుట్టూ తిరిగే ఈడ్పు, పొడవునా ఉండే ఈడ్పుకు రెట్టింపు కాబట్టి, పీడనానికి పగిలే గొట్టం ఎండిన కందికాయలా నిలువునా చీలుతుంది. చీలిక కొసలు పాకుతూ పోతాయి కనుక కట్టు రెండు కొసలకూ మరో రెండేసి అంగుళాలు దాటాలి, అటువంటి కట్టును ఒక రాత్రికి మించి నమ్మకూడదు.

కట్టు పూర్తయ్యాక వాల్వ్‌ను ఒక్కసారిగా తెరవడం చాలా కట్లు ఊడిపోవడానికి కారణం. అలా తెరిస్తే ఖాళీ గొట్టంలోకి దూసుకొచ్చిన నీరు మూసిన కుళాయి దగ్గర హఠాత్తుగా ఆగి, దాని వేగం పీడనపు దెబ్బగా మారుతుంది. దీనిని నీటి సుత్తి అంటారు. మాస్కో నగర నీటి గొట్టాల మీద 1897 ప్రాంతంలో పరిశోధనలు చేసిన నికొలాయ్ జుకోవ్‌స్కీ దీని లెక్క తేల్చాడు. సెకనుకు ఒక మీటరు వేగంతో పారే నీరు ఇనుప గొట్టంలో ఒక్కసారిగా ఆగితే చదరపు సెంటీమీటరుకు పన్నెండు కిలోగ్రాముల పైచిలుకు, మెత్తని ప్లాస్టిక్ గొట్టంలో నాలుగు కిలోగ్రాముల దాకా పీడనం పెరుగుతుంది. రెండు కిలోగ్రాములను ఎదుర్కొనే కట్టు దీనికి ఆగదు. కింది కుళాయి ఒకటి తెరిచి ఉంచి, వాల్వ్‌ను పావు వంతు తిప్పి, గాలి బుస కొట్టడం ఆగి నీరు నిలకడగా వచ్చాక కుళాయిని నెమ్మదిగా మూయాలి. కట్టు కింద పొడి కాగితం పరిచి పావుగంట చూస్తే ఒక్క బొట్టు పడినా తెలుస్తుంది.

వీధి నుంచి వచ్చే మునిసిపల్ లైను కారుతుంటే జాగ్రత్త మరొక రకం. మన పట్టణాల్లో నీరు రోజూ కొన్ని గంటలో, రోజు విడిచి రోజో వస్తుంది; నీరు ఆగిన వేళల్లో గొట్టంలో పీడనం పడిపోయి, చిల్లు నుంచి బయటికి కారడానికి బదులు బయటి మురుగును గొట్టం లోపలికి పీల్చుకుంటుంది. పైకి ఏమీ కారడం లేదని సంతోషించే ఆ సమయమే ఆరోగ్యానికి ఎక్కువ ముప్పు. అటువంటి చిల్లు మురుగు కాలువ పక్కన ఉంటే, కట్టు కట్టినా సరే, పక్కా మరమ్మతు జరిగే దాకా ఆ నీటిని కాచి చల్లార్చి తాగాలి. మోటారు నుంచి ట్యాంకుకు ఎక్కే గొట్టం చిల్లుపడితే మాత్రం అన్నిటికన్నా సులువు: మోటారు వేయకుండా ఉంటే చాలు.

ఏ విధంగానూ ఆపలేని చోట నీటికి దారి చూపవచ్చు. చిల్లు ఉన్న చోట గొట్టానికి ఒక నూలు పేలికను ముడివేసి దాని కొసను బకెట్టులోకి వేలాడదీస్తే, నూలు పోగుల సందుల్లో చేరిన నీరు గొట్టం వెంబడి పాకడం మాని పేలిక వెంబడి దిగుతుంది. పరుపు తడవదు, స్విచ్‌బోర్డు తడవదు, రాత్రంతా టప్పు టప్పుమనే చప్పుడు కూడా ఉండదు.

ప్లంబరు వచ్చినప్పుడు ఆ రబ్బరు పట్టీని విప్పి పారవేయకుండా, చిల్లును ఆనుకొని ఉన్న ముక్కను వెలుతురులో పట్టి చూడాలి. బిగువుకు గొట్టం తలమంతా రబ్బరు మీద అచ్చు పడి ఉంటుంది. తుప్పు రంగు వలయం మధ్య గుండ్రని బొడిపె ఉంటే ఇనుము లోపలి నుంచి తినబడుతున్నదన్న మాట, ఆ ఒక్క చోట ముక్క మారిస్తే పక్కన మరొకటి కారుతుంది కనుక లైను మొత్తం మార్చడం గురించి మాట్లాడాలి. నిలువుగా సన్నని గీత పడి ఉంటే అది చీలిక. గొట్టం ఎండకు పెళుసెక్కిందేమో, పై నుంచి నీటి సుత్తి దెబ్బలు తగులుతున్నాయేమో వెతకాలి. శుభ్రమైన చిన్న చుక్క మాత్రమే ఉండి చుట్టూ గొట్టం నునుపుగా ఉంటే, ఎవరో గోడకు మేకు కొడుతూ గొట్టాన్ని తాకి ఉంటారు. అరడుగు ముక్కా, రెండు సాకెట్లూ చాలు.